వీసాయు, భద్రతానుమతియు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము పైకి చూచుటకు పట్టణవాసులకు మాత్రమే సంబంధించినదిగా తోచును. కాని, మన గ్రామములలో పెద్దరికము వహించు గృహస్థులలో కుమారుడో, కుమార్తెయో, మనుమడో, మేనల్లుడో విదేశములలో లేనివారు నేడు తక్కువ. అరుగుమీద పదిమంది కూర్చున్నచోట వీసా యను మాట వినబడని దినము లేదు. ఇటీవల దానికి తోడుగా క్లియరెన్సు అను వేరొక మాట వచ్చి చేరినది. ఈ రెండింటిని ఒకటిగా భావించినందున మా కుటుంబములో కుదిరిన సంబంధమొకటి తప్పిపోవలసినంత పని జరిగినది. కొంత ధనము నష్టమైనది. ఆ పొరపాటులో నా పాలు తక్కువది కాదు. కావున ముందు నా తప్పును చెప్పుకొని, పిదప విషయమునకు వచ్చెదను.

నేను ముప్పది సంవత్సరములు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి విశ్రాంతి తీసికొన్నవాడను. మా అక్కగారి మనుమడు అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇంజనీరింగు పైచదువు ముగించెను. విద్యార్థి వీసామీద వెళ్లినవారికి, చదువైన పిదప కొంతకాలము పనిచేయుటకు అచ్చటి చట్టము అవకాశమిచ్చును. ఆ అవకాశముతో అతడు విమానముల పరికరములు చేయు ఒక సంస్థకు దరఖాస్తు పెట్టెను. వారు అతని చదువును మెచ్చుకొనిరి. తుదకు, ఈ పనికి సెక్యూరిటీ క్లియరెన్సు కావలయుననియు, అతనికది వచ్చుటకు వీలులేదనియు వ్రాసిరి. పిల్లవాడు ఆ సంగతిని క్లుప్తముగా తండ్రికి ఫోనులో తెలిపెను: "క్లియరెన్సు లేదని ఉద్యోగమీయలేదు."

ఈ యొక్క వాక్యము ఊరంతయు తిరుగునప్పటికి పెరిగి పెద్దదైనది. "అమెరికా ప్రభుత్వమువారు వానిని అనుమానించినారట" అని చావడిలో ఒకరనిరి. "పోలీసు విచారణలో ఏదో బయటపడినదట" అని చెరువుగట్టున మరియొకరనిరి. అప్పటికి పొరుగూరిలో ఒక సంబంధము కుదిరి, తాంబూలములు పుచ్చుకొనుటకు దినము చూచుచుండిరి. పిల్ల తండ్రిగారు "కొన్నాళ్లు ఆగుదము" అని కబురంపిరి. మా అక్కగారు నన్ను పిలిపించి, "తమ్ముడూ, ఇంగ్లీషు చదివినవాడవు, నీవైనా చెప్పరా. పిల్లవాడేమి తప్పు చేసినాడు?" అని కన్నీరు పెట్టుకొన్నది.

నాకు తెలియదని చెప్పవలసినది. చెప్పలేకపోతిని. క్లియరెన్సు అనగా అడ్డు తొలగించుట యని నాకొక అర్థము జ్ఞాపకమున్నది. "వీసాలో ఏదో చిక్కు మిగిలియుండును, దానిని తొలగించుకొనవలయును గాబోలు" అంటిని. ఆ మాట ఆధారముగా పట్టణములో ఒక మధ్యవర్తి దొరకెను. ఢిల్లీలో తనవారున్నారనియు, మూడు లక్షల రూపాయలకు క్లియరెన్సు తెప్పించెదననియు, ముందుగా ఏబదివేలు కావలయుననియు చెప్పెను. ధాన్యమమ్మిన సొమ్ములోనుండి ఏబదివేలు నేనే దగ్గరనుండి యిప్పించితిని. సంగతి తెలిసి పిల్లవాడు ఆ రాత్రియే ఫోను చేసెను. "తాతయ్యా, అది కొనునది కాదు. నేను అడిగి తెచ్చుకొనునదియు కాదు" అనెను.

అంతట నాకు సిగ్గు కలిగి, ఈ రెండింటి స్వరూపమును శ్రద్ధతో తెలిసికొంటిని. తెలిసినంతవరకు మీకు మనవి చేయుచున్నాను.

మొదట వీసా సంగతి. పాస్పోర్టును మన ప్రభుత్వము మనకిచ్చును. ఇతడు మావాడు, ఇతని పేరిది, ఇతని రూపమిది యని మన ప్రభుత్వము లోకమునకు చెప్పుటయే పాస్పోర్టు. వీసాను మనము వెళ్లదలచిన దేశమువారిత్తురు. ఆ మాట లాటిను భాషలోనిది. 'చూడబడినది' అని దాని యర్థము. మీ కాగితములు చూచితిమి, మా వాకిటికి రావచ్చును అని చెప్పుటయే వీసా. హైదరాబాదులో అమెరికావారి కాన్సులేటు 2008లో బేగంపేటలోని పైగా భవనమున ఆరంభమై, 2023లో నానక్‌రాంగూడలోని స్వంత కట్టడమునకు మారినది. మన పిల్లలు ఉదయముననే వరుసలో నిలుచుట మీలో కొందరు చూచియే యుందురు.

వీసాను కావలసినవాడు తానే అడుగును. తానే రుసుము చెల్లించును. వ్రేలిముద్రలిచ్చి, అధికారి ప్రశ్నలకు ప్రత్యుత్తరమిచ్చును. అధికారి ముఖ్యముగా చూచునవి మూడు: ఈ మనిషి చెప్పిన పనికే వచ్చుచున్నాడా, పని ముగిసిన పిదప తిరిగి వెళ్లునా, ఇతనివలన మా దేశమునకు కీడేమైన కలదా. అమెరికాలో 1952లో చేసిన చట్టము ప్రకారము, విహారమునకో చదువునకో వెళ్లదలచినవాడు, తాను అచ్చటనే స్థిరపడుటకు వచ్చుట లేదని తానే నమ్మకము కలిగింపవలయును. ఉద్యోగపు వీసాలలో కొన్నింటికి ఈ నియమము వర్తింపదు. ఒక్కొక్కప్పుడు అధికారి వెంటనే ఏమియు తేల్చక, మరికొంత విచారణ కావలయునని కాగితమిచ్చి పంపును. ఆ విచారణయు వీసాకు సంబంధించినదే. దానిని చూచి, మావానికి క్లియరెన్సు ఆపినారని చెప్పుకొనుట సరికాదు.

ఇంకొక సంగతి. వీసా వాకిటివరకే తీసికొనిపోవును. విమానము దిగినచోట వేరొక అధికారి కూర్చుండి, లోనికి రానిచ్చుటయు, ఎన్నాళ్లుండవచ్చునో నిర్ణయించుటయు చేయును. పదేండ్ల గడువుగల విహార వీసా చేతనున్నంతమాత్రమున పదేండ్లు అచ్చట నుండవచ్చునని భ్రమపడరాదు. ఆ గడువు వాకిటికి వచ్చుటకు మాత్రమే. లోపల నుండుటకు గడువు వేరు.

ఇక రెండవది, సెక్యూరిటీ క్లియరెన్సు. మన భాషలో దీనిని భద్రతానుమతి యనవచ్చును. ప్రతి రాజ్యమునకును రహస్యములుండును. సేనల కదలికలు, ఆయుధముల నిర్మాణము, శత్రువులనుగూర్చి తెలిసిన సమాచారము మొదలగునవి అందరికి తెలియదగినవి కావు. వానిని చూచి పనిచేయవలసిన ఉద్యోగి నమ్మదగినవాడా యని ప్రభుత్వము విచారించి చేయు నిర్ణయమే భద్రతానుమతి. అమెరికాలో రహస్యములకు మూడు తరగతులు కలవు. బయటపడినయెడల దేశమునకు హాని కలిగించునవి మొదటి తరగతి. తీవ్రమైన హాని కలిగించునవి రెండవది. మిక్కిలి ఘోరమైన హాని కలిగించునవి మూడవది. అనుమతులును ఆ తరగతులనుబట్టియే యుండును.

దీనిని ఎవడును తనంతట తాను అడుగుటకు వీలులేదు. రహస్యమైన పని చేయించు ప్రభుత్వశాఖయో, ఆ శాఖవారి పని చేయుటకు అంగీకారము పొందిన సంస్థయో, ఈ మనిషి మాకు కావలయునని ముందుకు వచ్చినపుడే విచారణ ఆరంభమగును. ఆ మనిషి నింపవలసిన పత్రము నూరు పుటలకు మించినది. గత కొన్నేండ్లలో ఎచ్చటెచ్చట కాపురముండెను, ఎవరియొద్ద పనిచేసెను, ఏయే దేశములు తిరిగెను, అప్పులెన్ని, వ్యసనములేమైన కలవా, విదేశములలో బంధువులెవరు, ఆస్తులేమి యని అన్నియు అడుగుదురు. పిదప విచారణాధికారులు ఇరుగుపొరుగువారిని, తోడి ఉద్యోగులను కలిసి మాటాడుదురు. నిర్ణయమునకు పదుమూడు విషయములుగల మార్గదర్శక సూత్రములు కలవు. నేడు వాడుకలోనున్న రూపమున అవి 2017లో అమలునకు వచ్చినవి. అనుమతి వచ్చినపిదపను కనిపెట్టుట మానరు. అనుమతి యున్నవాడైనను, తన పనికి అవసరమైన కాగితమునే చూడవలయును. ప్రక్కవాని పెట్టె తెరచుటకు వీలులేదు.

మా పిల్లవాని విషయమునకు మూలమైన నియమమిదియే: 1995లో అమెరికా అధ్యక్షుడు క్లింటను జారీచేసిన ఉత్తరువు ప్రకారము, ఈ అనుమతి ఆ దేశపు పౌరులకే చెల్లును. పౌరులు కానివారికి మిక్కిలి అరుదైన అవసరములలో పరిమితమైన ప్రవేశము మాత్రము కలదు. కావున మా పిల్లవానికి క్లియరెన్సు నిరాకరింపబడలేదు. అతనినిగూర్చి విచారణయే జరుగలేదు. అతడు భారతపౌరుడు, అంతే కారణము.

పొరుగూరికి వెళ్లి, పిల్ల తండ్రిగారితో నేనిట్లు చెప్పితిని: "బావగారూ, మీ యింట పెండ్లి జరుగునపుడు శుభలేఖ అందిన ప్రతివాడును వచ్చును. పందిరిలో కూర్చుండును, భోజనము చేయును, తాంబూలము తీసికొని వెళ్లును. కాని నగల పెట్టె తాళపుచెవి ఎవరికిత్తురు? ఇంటివారిలో ఒకరికి. వచ్చిన చుట్టములలో మిగిలినవారందరు దొంగలని మీ యుద్దేశమా? వీసా శుభలేఖవంటిది. క్లియరెన్సు తాళపుచెవివంటిది. మావాడు ఆ యింటికి చుట్టముగా వెళ్లినాడు. తాళపుచెవి ఈయలేదని వానికి దోషము కట్టవచ్చునా?" ఆయన కొంతసేపు ఊరకుండి, "ఇంతేనా?" అనిరి. "ఇంతే" అంటిని.

ఈ భేదము నేటిది మాత్రమే యని తలచకుడు. కౌటిల్యుని అర్థశాస్త్రములో రెండును వేర్వేరు చోట్ల కానవచ్చుచున్నవి. దేశమునకు రాకపోకలు చేయువారికి ముద్రవేసిన పత్రములిచ్చుటకు ముద్రాధ్యక్షుడను అధికారి యుండెను. మాషకమను నాణెము తీసికొని అతడు ముద్రనిచ్చును. ముద్ర లేక తిరిగిన దేశస్థునకు పండ్రెండు పణములు దండుగ. దొంగముద్ర తెచ్చినవానికి శిక్ష ఇంకను అధికము. వాడు పరదేశియైనచో అన్నిటికంటె అధికము. ఇది వీసావంటి ఏర్పాటు. మంత్రులను, ఉన్నతోద్యోగులను పరీక్షించుటకు వేరే అధ్యాయము కలదు. ధర్మముచేతను, ధనముచేతను, కామముచేతను, భయముచేతను రహస్యముగా ప్రలోభపెట్టి చూచుటకు ఉపధలని పేరు. ధనపరీక్షలో నిలిచినవానికి ధనాగారపు పని, నాలుగింట నిలిచినవానికి మంత్రిపదవి యని అచ్చట చెప్పబడినది. సరిహద్దు దాటువానికి ఉపధ లేదు. ఉపధలో నెగ్గినవాడును సరిహద్దు దాటుటకు ముద్ర తెచ్చుకొనవలసినదే.

ఇక ఈ రెండింటిని కలగాపులగము చేసినపుడు ప్రభుత్వములే ఎట్లు పొరబడునో తెలుపు చరిత్ర ఒకటి కలదు. చియెన్ షుయె సెన్ అను చైనీయుడు 1935లో చదువుకొరకు అమెరికా వెళ్లెను. ఆకాశయానశాస్త్రములో అతనితో సమానులు ఆ దినములలో కొలదిమంది. పౌరుడు కాకున్నను, యుద్ధకాలపు అవసరమునుబట్టి అతనిని రహస్యమైన పనులలో నియోగించిరి. 1950లో, అతడు పూర్వము కమ్యూనిస్టు పార్టీలో చేరియుండెనను అనుమానముతో ఆ అనుమతిని తీసివైచిరి. అతడు ఆ నిందను ఒప్పుకొనలేదు. పని లేనపుడిచ్చట నుండనేల యని స్వదేశమునకు బయలుదేరగా పోనీయక నిర్బంధించిరి. ఒక శాఖవారు అతనిని దేశమునుండి పంపివేయవలయునని తీర్పు చెప్పిరి. వేరొక శాఖవారు, ఎరిగిన విషయములతో అతడు దేశము విడువరాదనిరి. తాళపుచెవి తీసికొనిరి, వాకిలియు మూసిరి. ఐదేండ్లట్లు గడచినపిదప 1955లో అతనిని పోనిచ్చిరి. అతడు చైనా చేరి, ఆ దేశపు క్షిపణివిద్యకు మూలపురుషుడయ్యెను.

రెండవ యుదాహరణము ఆపెన్‌హైమరు. అణ్వాయుధమును నిర్మించిన లాస్ అలమోస్ ప్రయోగశాలకు అధ్యక్షుడుగా నున్నవాడాతడు. 1954 జూను 29వ తేదీన అమెరికా అణుశక్తి సంఘమువారు నలుగురొకవైపు, ఒకరొకవైపుగా తీర్పు చెప్పి, అతని భద్రతానుమతిని తిరిగి ఈయలేదు. అయినను అతడు ప్రిన్‌స్టనులోని విద్యాసంస్థకు అధ్యక్షుడుగా నుండెను. 1960లో జపాను దేశమునకుకూడ వెళ్లి వచ్చెను. రహస్యపు పెట్టె మూతపడినది కాని ఊరి బాట మూతపడలేదు. అతడు 1967లో మరణించెను. 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వమే, ఆ విచారణ సరిగా జరుగలేదని, పూర్వపు తీర్పును రద్దుచేసినది. భద్రతానుమతి లేకపోవుట యనగా నేరము రుజువగుట కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలయును?

క్లియరెన్సు అను పేరుతోనే మన దేశములో మరి రెండు కాగితములు కలవు. పేరొకటియైనందున మోసమునకు చోటు కలుగుచున్నది. మొదటిది పోలీసు క్లియరెన్సు సర్టిఫికెటు. ఉద్యోగమునకో, దీర్ఘకాల నివాసమునకో విదేశమునకు వెళ్లువానిపై నేరములేమియు లేవని మన పాస్పోర్టు కార్యాలయమువారిచ్చు పత్రమిది. విహారయాత్రకు వెళ్లువారికి దీని నీయరు. రెండవది వలస అనుమతి. ఎమిగ్రేషను క్లియరెన్సు అందురు. పదవతరగతి గట్టెక్కని కూలిపనివాండ్రు సౌదీ అరేబియా, కువైటు, ఖతరు, ఒమాను మొదలగు దేశములకు పనికి వెళ్లునపుడు, వారి ఒప్పందము సరియైనదా, జీతము న్యాయమైనదా యని చూచుటకు 1983 నాటి వలసచట్టము ఈ పద్ధతినేర్పరచినది. ఇది కార్మికుని రక్షణకొరకు. జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములవారికిని, కడప, కోనసీమవారికిని ఇది తెలియని సంగతి కాదు. విహార వీసామీద పంపి, అచ్చటికి చేరిన పిదప పని యిప్పింతునను మధ్యవర్తి, ఈ రక్షణనుండి మీవానిని తప్పించుచున్నాడని గుర్తింపుడు. అట్లు వెళ్లినవానికి అచ్చట జీతమీయకున్నను అడుగుటకు చేతిలో కాగితముండదు.

ఇక పెద్దలు చేయదగిన పనులను చెప్పి ముగించెదను. ఎవరైన క్లియరెన్సు అన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: అది ఏ క్లియరెన్సు? దానిని ఎవరిత్తురు? ఎవరు అడుగవలయును? ఈ మూడింటికి ప్రత్యుత్తరము లభించిన పిదపనే సొమ్ముమాట. అమెరికా భద్రతానుమతి తెప్పింతునని ఇచ్చట సొమ్మడిగినవాడు, ఎవడైన సరే, మోసగాడే. దానికి అభ్యర్థి రుసుము చెల్లించుట యను పద్ధతియే లేదు.

మీ పిల్లలలో కొందరు అమెరికా పౌరులై, అచ్చటి రహస్యోద్యోగములలో చేరువారుండవచ్చును. అప్పుడు వారు నింపు పత్రములో, విదేశముననున్న బంధువులుగా మీ పేర్లుండును. వారి పేర మన ఊరిలోనున్న భూమియుండును. మనలో ఎవరైన ప్రభుత్వోద్యోగి యున్నచో ఆ సంగతియు అడుగుదురు. అబ్బాయి ఫోను చేసి, "తాతయ్యా, నా పేర ఎన్ని యెకరములున్నవి?" అని అడిగినచో, పన్ను లెక్కలు తలచుకొని భయపడి దాచకుడు. ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. రెండెకరముల మాగాణి యుండుట దోషము కాదు. దానిని దాచినాడని పిదప బయటపడుట అతనికి చేటు. ఆ విచారణలో తప్పును మన్నించిన సందర్భములు కలవు గాని, తెలిసి చెప్పిన అబద్ధమును మన్నించుట అరుదు.

మా యింటి సంగతి చెప్పుట మరచితిని. మధ్యవర్తికిచ్చిన ఏబదివేలు తిరిగి రాలేదు. అందులో సగము నేనిచ్చుకొంటిని. అక్కగారు వలదన్నను వినలేదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పినందుకు అది నాకు తగిన దండుగ. పిల్లవానికి రహస్యములతో సంబంధములేని వేరొక సంస్థలో పని దొరకినది. తాంబూలములు పుచ్చుకొన్ననాడు పిల్ల తండ్రిగారు నన్ను ప్రక్కకు పిలిచి, "మీరు మా యింటికి వచ్చి చెప్పినారు గనుక మాకు తెలిసినది. మా ఊరిలో ఇట్టి మాట విని, పిల్లలను అనుమానించువారు ఇంకను ఉన్నారు. వారింటికెవరు వెళ్లుదురు?" అనిరి.

అందరి యిండ్లకు నేను వెళ్లలేను. అందువలననే ఈ సాయంకాలము మీ యిండ్లకు ఈ విధముగా వచ్చితిని.